ఏడో నంబర్ బూటు

ఈ సంచికకి చలి గురించి రాస్తానని క్లబ్ గ్రూపులో చెప్పగానే నవ్వే ఎమోజీలు వరసగా పడ్డాయి. వాళ్ల తప్పేం లేదు. మే నెల. పొద్దున తొమ్మిదింటికే ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. మేడ్చల్ బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోవడం లేదు. అయినా సరే, నాకు ఈ నెల మొత్తం చలి తప్ప వేరే ఆలోచన లేదు. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

మా ఇల్లు తూంకుంటలో. సొంతూరు గజ్వేల్ పక్కన. మా బాపు ఆర్మీలో పదిహేడేళ్లు చేసి హవల్దార్‌గా పెన్షన్ మీద వచ్చాడు. ఇప్పుడు శామీర్‌పేట దాటాక ఒక ఫార్మా కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్. మా వైపు ఉన్నవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. అల్వాల్, బొల్లారం, యాప్రాల్, కౌకూర్, ఎటు చూసినా మాజీ ఫౌజీల ఇళ్లే. మా క్లాసులోనే నలుగురం ఉన్నాం. (క్యాంటీన్ కార్డు ఉన్నందుకు మా మీద ఫ్రెండ్స్‌కి ఉన్న ప్రేమ గురించి ఇక్కడ రాయను, ఫ్యాకల్టీ కూడా చదువుతారు.) హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ విమానాలు తలమీద తిరుగుతుంటే మా వీధిలో ఎవరూ తలెత్తి చూడరు. సైన్యానికి బట్టలు, బూట్లు, ఆయుధాలు, మందుగుండు అందించే ఆర్మీ ఆర్డినెన్స్ కోర్ సెంటర్ కూడా తిరుమలగిరిలోనే ఉంది. అంటే, హిమాలయాల్లో మంచు మీద నిలబడ్డవాడికి సాక్సులు లెక్కపెట్టి పంపే శాఖ తన మనుషుల్ని తయారుచేసుకునేది ఈ ఎండలోనే.

జనవరిలో మన దగ్గర పొద్దున పది, పన్నెండు డిగ్రీలు ఉంటుంది. పాలవాడు, పేపర్ వాడు, మా అమ్మ, అందరూ మంకీ క్యాపుల్లోకి వెళ్లిపోతారు. బాపు మాత్రం బనీను మీద వాకిట్లో కూర్చుని టీ తాగుతూ "గిది చలా?" అని నవ్వుతాడు. కానీ అదే మనిషి ఏసీ బస్సు ఎక్కడు. ఏసీ గాలి తగిలితే కుడిచేతి చూపుడు వేలు, మధ్యవేలు తెల్లబడి మొద్దుబారిపోతాయి. కాసేపయ్యాక మంట, దురద. వేళ్లు బానే ఉంటాయి చూడ్డానికి. కొసల్లో మాత్రం చర్మం కొంచెం మెరుస్తూ ఉంటుంది, కాలిన మచ్చలాగా.

అది సియాచిన్ గుర్తు. 2009 చలికాలం. నేను అప్పుడు చాలా చిన్నదాన్ని, తమ్ముడు అమ్మ ఒళ్లో ఉన్నాడు.

ఆ కథ బాపు ఎప్పుడూ ఒక్కలాగే చెప్తాడు, ఎక్కువ తక్కువ లేకుండా. పైకి పంపేముందు శరీరాన్ని మెల్లగా అలవాటు చేస్తారు. తొమ్మిది నుంచి పన్నెండు వేల అడుగుల ఎత్తులో ఆరు రోజులు. పన్నెండు నుంచి పదిహేను వేల దాకా నాలుగు రోజులు. ఆపైన ఇంకో నాలుగు. ఈ పద్నాలుగు రోజుల్లో తొందరపడ్డవాడికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఫౌజీలు దాన్ని 'హేపో' అంటారు, మనం జలుబు అన్నంత మామూలుగా. ఆ తర్వాత బేస్ క్యాంప్‌లో బ్యాటిల్ స్కూల్. మంచు గోడ ఎక్కడం, పగులులో పడ్డవాణ్ని తాడుతో లాగడం, బూటు కింద ఇనుప ముళ్లు కట్టుకుని నడవడం. "నేను అంతకుముందు మంచు చూసింది చేపల మార్కెట్‌ల ఐసు గడ్డలే" అంటాడు బాపు.

ఒకరోజు తాడు మీద వరసగా నడుస్తుంటే క్యారబినర్ మంచు పట్టి బిగుసుకుంది. మూడు పొరల గ్లౌజులతో అది తెరుచుకోలేదు. బాపు పైగ్లౌజు, లోపలి గ్లౌజు తీశాడు. లోహాన్ని ఒట్టి వేళ్లతో పట్టుకున్నాడు. ఒక నిమిషం, మహా అయితే రెండు. "నొప్పి రాలేదు బిడ్డా. గదే పరేషాన్. నొప్పొస్తే ఇడిశిపెడ్తుంటి." వెనకనున్న తమిళ హవల్దార్ చూసి, తిట్టి, ఆ చేతిని తన జాకెట్‌లో చంకలో పెట్టుకున్నాడట. ఆ మనిషికి అది మూడో సారి గ్లేసియర్. అతను వెనక లేకపోతే వేళ్లు ఉండేవి కావని బాపు లెక్క.

నేను మెకానికల్ మూడో సంవత్సరం. హీట్ ట్రాన్స్‌ఫర్ సబ్జెక్టులో ఈ కథే నాకు ఎక్కువ పనికొచ్చింది. లోహం వేలిలోంచి వేడిని ఎంత స్పీడుగా లాగుతుందో ఫోరియర్ సూత్రం చెప్తుంది, కానీ నొప్పి రాదనే సంగతి అందులో ఉండదు. ఇంకోటి. మనల్ని వెచ్చగా ఉంచేది ఉన్ని కాదు, ఉన్నిలో ఇరుక్కుని కదలకుండా ఉన్న గాలి. ఆ గాలి జాగాలోకి నీళ్లొస్తే వేడి ఇరవై రెట్లకు పైగా వేగంగా బయటికి పోతుంది. ఆ నీళ్లు బయటినుంచే రానక్కర్లేదు, చెమట చాలు. అందుకే మంచులో పనిచేసేటప్పుడు చెమట పట్టకుండా పనిచెయ్యడం ఒక విద్య. ఎక్కేటప్పుడు ఒక పొర విప్పాలి, ఆగగానే వేసుకోవాలి, తడిసిన సాక్సులు పొట్ట దగ్గర పెట్టుకుని ఆరబెట్టుకోవాలి. బాపు మాటల్లో: "బూటు గాదు, సాక్సు ముఖ్యం. తడి సాక్సుతోని పండుకున్నోడు పొద్దుగాల నడవడు."

ఇంట్లో బాపు నల్ల ట్రంకు పెట్టె ఉంది. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ దాంట్లో ఆ తెల్ల మంచు డ్రెస్సు ఉంటుందని వెతికేవాళ్లం. లేదు. ఒక ఉన్ని టోపీ, మెడల్స్, ఫొటోలు, అంతే. తర్వాత తెలిసింది, పర్వతాల మీద వాడే ప్రత్యేక బట్టలు, బూట్లు, స్లీపింగ్ బ్యాగులు సైనికుడి సొంతం కావని. కిందికి దిగాక స్టోరులో అప్పజెప్పాలి. పనికొచ్చేవి శుభ్రం చేసి ఇంకొకడికి ఇస్తారు. బాపు వేసుకున్న ఏడో నంబర్ బూటు అంతకుముందు ఎవరు వేసుకున్నారో, తర్వాత ఎవరు వేసుకున్నారో తెలీదు. నాకు అప్పట్లో అది బస్ సీటు లాంటిది అనిపించింది. ఇప్పుడు ఆ పద్ధతిలోనే అసలు చిక్కు ఉందనిపిస్తోంది.

ఎందుకంటే, పోయిన సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే నాకు కాగ్ రిపోర్టు దొరికింది. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చినది. సియాచిన్, లడఖ్ లాంటి చోట్ల ఉన్న దళాలకి బట్టలు, సామాన్లు, రేషన్, ఇళ్లు ఎలా అందుతున్నాయో చూసిన ఆడిట్. లెక్కలు ముఖ్యంగా 2015-16 నుంచి 2017-18 వరకువి. అందులో ఉన్నవి కొన్ని ఇక్కడ పెడతాను. బట్టల కొనుగోలులో నాలుగేళ్ల దాకా ఆలస్యం. 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా 'మల్టీపర్పస్' బూట్లు ఇవ్వలేదు, ఉన్నవాటినే బాగుచేసి తిప్పి తిప్పి వాడారు. మంచు కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం. ఫేస్ మాస్కులు, జాకెట్లు, స్లీపింగ్ బ్యాగులు పాత స్పెసిఫికేషన్‌వే కొన్నారు. తిండి సంగతి ఇంకా విచిత్రం. ఇవ్వాల్సిన ఐటమ్ లేకపోతే అదే ధరకి వేరే ఐటమ్ ఇచ్చారు. ఆ వేరేది ఖరీదైతే అదే డబ్బుకి తక్కువ వస్తుంది. అలా కొన్నిచోట్ల కెలోరీలు 82 శాతం దాకా తగ్గాయని రాశారు.

ఆర్మీ దీనికి జవాబు చెప్పింది: అవి పాత లెక్కలు, ఇప్పుడు పరిస్థితి మారింది, బాగానే సిద్ధంగా ఉన్నాం అని. అది నిజం కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. కానీ 'పాత లెక్కలు' అనే మాట నాకు నచ్చదు. ఆ పాత లెక్కల్లో ఒక చలికాలం ఉంది. ఆ చలికాలంలో కొందరి కాళ్లు ఉన్నాయి.

రిపోర్టు బాపుకి చదివి వినిపించాను. బూట్ల దగ్గర ఏమీ అనలేదు. కళ్లద్దాల దగ్గర మాత్రం చెయ్యెత్తి ఆపాడు. మంచు మీద ఎండ పడితే కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుందట, రెండు రోజులు కళ్లు తెరవలేరట. కాసేపు ఊరుకుని ఒకటే అడిగాడు: "సైజులు రాశిన్రా?" నాకు అర్థం కాలేదు. "వంద బూట్లున్నయంటే లెక్క గాదు బిడ్డా. మనోళ్లవి ఆరు, ఏడు. పదో నంబర్ బూట్లు యాభై పెట్టుకుని ఏం జేస్తరు? పెద్ద బూటుల కాలు ఆడ్తది, బిగువు బూటుల రత్తం తిరగది. రెండింటికీ వేలు పోతది."

ఇది విన్నాక నాకు 'రెడీనెస్' అనే మాట అర్థమైంది. స్టోరులో ఎన్ని ఉన్నాయి అనేది ఒక ప్రశ్న. సరైన సైజు, పాడవకుండా, సరైన నెలకి, సరైన ఎత్తుకి చేరిందా అనేది ఇంకో ప్రశ్న. స్లీపింగ్ బ్యాగు ఏళ్లతరబడి మడతపెట్టి ఉంటే లోపలి దూది అణిగి గాలి జాగా పోతుంది. బయటికి కొత్తదిలాగే ఉంటుంది, లోపల సగం పనిచెయ్యదు. బ్యాటరీలు చలికి కెపాసిటీ వదిలేస్తాయి. డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. తుపాకీకి మామూలు ఆయిల్ పెడితే చిక్కబడి జామ్ అవుతుంది. ఇవేవీ రిజిస్టర్‌లో కనిపించవు. రిజిస్టర్‌లో 'ఉంది' అనే ఉంటుంది.

చలి దగ్గర పోగొట్టుకుని నేర్చుకోవడం మన ఒక్కరి అలవాటు కాదు. 1943 మేలో అమెరికా సైన్యం అలాస్కా పక్కన అట్టు అనే దీవి మీద దిగింది. ఆ డివిజన్ అప్పటిదాకా ఆఫ్రికా యుద్ధం కోసమని కాలిఫోర్నియా ఎడారిలో శిక్షణ పొందింది. తోలు బూట్లతో తడి మంచులో దిగారు. మూడు వారాల్లో సుమారు 1,200 మంది చలి దెబ్బలతో పడిపోయారు, దాదాపు తూటాలకి గాయపడ్డవాళ్లు ఎంతమందో అంత. మన దగ్గర 1962 అక్టోబరులో నామ్‌కా చూ నది ఒడ్డున ఏడో బ్రిగేడ్ జవాన్లు నూలు బట్టల్లో, కాన్వాస్ బూట్లలో నిలబడ్డ సంగతి చాలా పుస్తకాల్లో ఉంది. మైదానాల నుంచి తీసుకెళ్లి, అలవాటు పడే టైమ్ కూడా ఇవ్వకుండా అంత ఎత్తులో పెట్టారు. 20వ తేదీ పొద్దున దాడి మొదలయ్యేసరికే చలి వాళ్లని సగం ఓడించింది.

దాని తర్వాత మనవాళ్లు నేర్చుకున్నారు. గుల్మార్గ్‌లో 1948లోనే ఒక స్కీ స్కూలుగా మొదలైన హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ పెద్దదైంది. కల్నల్ నరేంద్ర 'బుల్' కుమార్ లాంటివాళ్లు ముందే వెళ్లి సియాచిన్‌ని నడిచి చూసి, మ్యాపులు తెచ్చారు. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌లో మనవాళ్లు ముందుగా పైకి చేరగలిగారంటే ఆ తయారీ వల్లే. 2003 నవంబరులో అక్కడ కాల్పులు ఆగిపోయాయి. అది మంచిదే. కానీ కాల్పులు ఆగాక పేపర్లో వార్తలూ ఆగాయి. చలి మాత్రం ఆగలేదు. మొదటినుంచీ సియాచిన్‌లో శత్రువు తూటాకంటే ఎత్తు, చలి, హిమపాతం తీసుకెళ్లినవాళ్లే ఎక్కువ. వార్త లేని చోట ఫైలు నెమ్మదిగా కదులుతుంది. ఇది నా ఊహ మాత్రమే, కానీ మన కాలేజీ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ల మీద ఉన్న తేదీలు చూసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు.

2020 జూన్ నాకు బాగా గుర్తు. పదో తరగతి పరీక్షలు రద్దయి వారమైంది, నేను సంతోషంగా ఉన్నాను. 15వ తేదీ రాత్రి గల్వాన్. సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు, 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్. 17వ తేదీ రాత్రి ఆయన పార్థివదేహం మా హకీంపేటకే వచ్చింది. లాక్‌డౌన్ కాబట్టి బాపు గేటు దాకా వెళ్లి నిలబడి వచ్చేశాడు. మిగతా జవాన్ల గురించి ఆర్మీ ఇచ్చిన ప్రకటనలో ఒక మాట ఉంది: తీవ్రంగా గాయపడిన 17 మంది, ఎత్తైన ప్రాంతంలో సున్నాకంటే తక్కువ చలికి గురై ప్రాణాలు విడిచారని. జూన్ నెలలో! టీవీలో అది విన్నప్పుడు మా ఇంట్లో కూలర్ నడుస్తోంది.

ఆ ఏడాది ఎన్నడూ లేనంతమంది దళాలు తూర్పు లడఖ్‌లో చలికాలం గడపాల్సి వచ్చింది. వేల సెట్ల చలిబట్టలు అమెరికా నుంచి అర్జెంటుగా తెప్పించారు. తర్వాత 2021 డిసెంబరులో డీఆర్‌డీఓ తాను తయారుచేసిన మూడు పొరల చలిబట్టల టెక్నాలజీని ఐదు భారతీయ కంపెనీలకి ఇచ్చింది. ప్లస్ 15 నుంచి మైనస్ 50 డిగ్రీల దాకా పనిచేసే డిజైన్ అది. అప్పుడు డీఆర్‌డీఓ ఛైర్మన్ మన నెల్లూరు జిల్లా సతీష్ రెడ్డి గారు. ఇది నిజంగా మంచి అడుగు. మనలాంటి వాళ్లకి ఉద్యోగం కూడా అందులో ఉండొచ్చు, ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లు సాఫ్ట్‌వేర్ తప్ప వేరేదాన్ని కంపెనీగా లెక్కేస్తే.

బట్ట ఉంటే సరిపోదని కూడా చెప్పాలి. 2016 ఫిబ్రవరి 3న సోనమ్ పోస్టు మీద, 19,600 అడుగుల ఎత్తులో, 19 మద్రాస్ వాళ్లు పదిమంది మంచు కింద పడిపోయారు. లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణంతో దొరికి, 11న ఢిల్లీలో చనిపోయాడు. దేశమంతా ఆయన పేరు గుర్తుపెట్టుకుంది. ఆ పదిమందిలో మన కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ ఉన్నాడని మా క్లాసులో ఎంతమందికి తెలుసో అడిగాను. ఎవరికీ తెలీదు. 2010 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో అదే వార్‌ఫేర్ స్కూలులో శిక్షణలో ఉన్న 17 మంది హిమపాతంలో పోయారు. అంటే చలిని నేర్చుకోవడమే ప్రమాదం. అందుకే కష్టపడి నేర్చుకున్నది పోగొట్టుకోకూడదని నా మాట.

ఎండ ప్రాంతం వాళ్లం మనకి చలి పనికిరాదు అనేవాళ్లకి ఒక జవాబుంది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి మలావత్ పూర్ణ, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ కూడా. ఇద్దరూ సోషల్ వెల్ఫేర్ గురుకులాల పిల్లలు. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లడఖ్ వెళ్లి నేర్చుకున్నారు. మన ఇంట్లో సన్నబియ్యం తిన్న ఒంటికి చలి నేర్పొచ్చు. మెల్లగా, తెలిసినవాళ్ల దగ్గర నేర్పాలి, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మా తమ్ముడు అగ్నివీర్‌కి ప్రిపేర్ అవుతున్నాడు.

రోజూ నాలుగున్నరకి లేచి గ్రౌండ్‌కి పోతాడు. పూర్తి మార్కులు రావాలంటే పదహారు వందల మీటర్లు ఐదున్నర నిమిషాల్లోపు ఉరకాలి. వాడిది ప్రస్తుతం ఐదు నలభై. అమ్మకి ఇష్టం లేదు. ఆమెకి 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో జరిగింది ఇంకా కళ్లముందే ఉంది. పోయినవాడు కూడా పొద్దున్నే లేచి ఉరికిన పిల్లాడే కదా అంటుంది. బాపుకి ఇష్టమే, కానీ వాడితో ఆ మాట అనడు. ఒక రాత్రి అన్నం తింటుంటే గొడవైంది. తమ్ముడు "నాలుగేండ్లు చేసొస్త బాపూ, మంచు పోస్టింగ్ గూడ అడుగుత" అన్నాడు హుషారుగా. బాపు ముద్ద ఆపాడు.

"నా ఎనక మూడు సార్లు గ్లేసియర్ చేసినోడుండె. నీ ఎనక ఎవడుంటడు?"

తమ్ముడి దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గరా లేదు. నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒకణ్నే ఉంచుకుంటే, మూడు చలికాలాలు చూసిన చేతులు ఒక్కో సెక్షన్‌లో ఎన్ని మిగులుతాయి? అగ్నిపథ్ మీద వాదనలు అన్నీ పెన్షన్ చుట్టూ, ఉద్యోగం చుట్టూ తిరుగుతాయి. అవి ముఖ్యమే. కానీ నాకు కనిపించే ప్రశ్న ఆ తమిళ హవల్దార్ చంక. అది ఏ స్టోరులోనూ దొరకదు, ఏ దేశం నుంచీ అర్జెంటుగా తెప్పించలేం. పాతవాళ్లు ఉంటారు, నేర్పుతారు, రెగ్యులర్ వాళ్లు కూడా ఉన్నారు కదా అని తమ్ముడి వాదన. కావచ్చు. పిల్లలు చురుగ్గా ఉంటారు, తొందరగా నేర్చుకుంటారు, అదీ నిజమే. మా ఇంట్లో ఆ వాదన ఇంకా తెగలేదు. అన్నం మాత్రం చల్లారింది.

ఆ తర్వాతి వారం నుంచి బాపు తమ్ముడికి ఒక పని పెట్టాడు. రోజూ సాయంత్రం, అమ్మ గిన్నెలకి వాడే రబ్బరు గ్లౌజులు రెండు జతలు వేసుకుని, తాడుకి ముడులు వేసి విప్పాలి. కళ్లు మూసుకుని. చూసేవాళ్లకి నవ్వొస్తుంది. వాడికి నవ్వు రావడం లేదు.

బాపు కంపెనీ గురించి కూడా చెప్పాలి, నా ప్రాజెక్టు అక్కడే పుట్టింది. అక్కడ మైనస్ 20 డిగ్రీల కోల్డ్ రూమ్ ఉంది. శామీర్‌పేట, తుర్కపల్లి వైపు ఇలాంటివి చాలానే ఉన్నాయి. మందులకి, టీకాలకి కావాలి. పెట్టెలు లోపలికి, బయటికి మోసేది కాంట్రాక్టు పిల్లలు. ఒడిశా వాళ్లు, మన సిద్దిపేట వైపు వాళ్లు. బయట నలభై రెండు, లోపల మైనస్ ఇరవై. ఒక తలుపుకి అటూ ఇటూ అరవై రెండు డిగ్రీల తేడా. బాపు చేరిన కొత్తలో తొమ్మిదిమందికి మూడు జాకెట్లు ఉండేవి. ఒకడు బయటికి రాగానే ఇంకొకడు అదే తొడుక్కుని లోపలికి. ఎండలోంచి వచ్చిన చెమట, జాకెట్‌లో తడి, ఆ తడితో మైనస్ ఇరవైలోకి. బూట్లు రెండు సైజులే, తొమ్మిది, పది. పిల్లలు లోపల గుడ్డలు కుక్కుకుని వేసుకునేవాళ్లు.

బాపు సెక్యూరిటీ. అది ఆయన పని కాదు. ఆ మాట మేనేజరు చెప్పాడు కూడా. అయినా మూడు నెలలు వెంటపడి ఇంకో ఆరు జాకెట్లు తెప్పించాడు. గేటు పక్క షెడ్డులో తీగ కట్టించాడు, జాకెట్లు తిరగేసి ఆరేసేందుకు. లోపలికి పోయినవాడి పేరు, టైము రాయడానికి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాడు. ఇరవై నిమిషాలు దాటితే తలుపు కొడతాడు. బూట్ల సంగతి మాత్రం ఇంకా కాలేదు. చిన్న సైజులు తెప్పించాలంటే మినిమమ్ ఆర్డర్ ఉండాలట.

మా ప్రాజెక్టు టీమ్ ముగ్గురం. పెద్ద బూటులో వేసుకోవడానికి తీసిపెట్టుకునే లోపలి లైనర్ చేస్తున్నాం. ఆరు, ఏడు నంబర్ల కాలుకి సరిపడేలా, రాత్రికి బయటికి తీసి ఆరేసుకునేలా. రెండు పొరల ఫెల్ట్, మధ్యలో అల్యూమినైజ్డ్ షీట్, బొటనవేలి దగ్గర ఒక థర్మోకపుల్. మొదటి రివ్యూలో "మన క్లైమేట్‌లో దీని అప్లికేషన్ ఏంటమ్మా?" అని అడిగారు. నోట్‌బుక్ ఫొటోలు చూపించాం. సరే చెయ్యండి అన్నారు.

మొదటి లైనర్ పద్నాలుగు నిమిషాలకే ఫెయిలైంది. బయటి చలి వల్ల కాదు, లోపలి చెమటే. కాలు తడిసి పదో నిమిషం నుంచి టెంపరేచర్ గ్రాఫ్ జారుడుబండలా దిగింది. బాపు గ్రాఫ్ చూసి ఏమీ అనలేదు, సాక్సు పిండి చూపించాడు. ఇప్పుడు రెండోదాంట్లో లోపలి పొర మార్చాం, చెమటని పాదం నుంచి అవతలికి లాగేలా. వచ్చే నెల రెండో శనివారం మళ్లీ టెస్ట్. కంపెనీవాళ్లు లంచ్ టైములో గంటసేపు రూము ఇస్తామన్నారు. కాంట్రాక్టు పిల్లల్లో ఇద్దరు వస్తామన్నారు. తమ్ముడు కూడా వస్తానంటున్నాడు, రబ్బరు గ్లౌజులు తెచ్చుకుంటాడట. మా టీమ్‌లో కాళ్లు ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆరో నంబర్ కాలు ఒకటి కావాలి. ఇరవై నిమిషాలు మైనస్ ఇరవైలో నిలబడగలిగేవాళ్లు, ఆస్తమా లేనివాళ్లు, క్లబ్ గ్రూపులో నాకు మెసేజ్ పెట్టండి. పొడి సాక్సులు రెండు జతలు తెచ్చుకోవాలి. టీ మా బాపు పోస్తాడు.